పక్క పాపిట ఆకు

మా బడిలో తెలుగు చెప్పే టీచరమ్మ కొద్ది రోజుల్లో నాయనమ్మ కాబోతోంది. ఆ సంబరంలో పోయిన నెల ఒక నర్సరీకి వెళ్లి కుండీ కొనుక్కొచ్చి, స్టాఫ్‌రూములో నా బల్ల మీద పెట్టింది. అందులో కత్తుల్లా నిలబడ్డ పచ్చటి ఆకులు నాలుగైదు ఉన్నాయి.

"మేడం, గిది వసనే గదా? నర్సరీ ఆయన వసనే అన్నడు. పిల్ల పుట్టినంక నాలికెకు వస రాయాలె, లేకుంటే మాటలు ముద్దగ వస్తయంటరు. నువ్వు సైన్సు మేడమ్‌వి, జర చూసి చెప్పు."

పసిపిల్లలకు అది పెట్టొద్దని డాక్టర్లు మొత్తుకుంటున్నారని చెప్పాను. ఆమె వినలేదు. సరే, ముందు అది వస అవునో కాదో చూద్దామని ఆకు కొస తుంచి రెండు వేళ్ల మధ్య నలిపాను. కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చిగడ్డి వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

"ఏంది మేడం, దేవుని ముంగట నిలబడ్డట్టు కండ్లు మూసుకున్నవ్?" అని ఆమె నవ్వింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అలా కళ్లు మూసుకోవడం నాది కాదు. నర్మెట్ట అంగడిలో వేర్లు అమ్మే ఒక లంబాడా అవ్వది. ఐదేళ్ల కింద నాకు అంటించి పోయింది. ఆమె పేరు నేను ఏనాడూ అడగలేదు. అడిగినా వెంటనే చెప్పే మనిషి కాదు. పేర్ల విషయంలో ఆమెకు కొంచెం పట్టింపు ఉండేది.

వారం వారం జరిగే ఆ అంగడిలో ఎల్లిగడ్డలు అమ్మే ఆయనకూ గాజులామెకూ మధ్య సిమెంటు సంచి పరిచి కూర్చునేది. ముందర ఆరేడు కుప్పలు ఉండేవి. తుంగగడ్డలు, నల్లేరు కాడలు, ఎండు మారేడు ముక్కలు, వస కొమ్ములు, నాకు తెలియనివి మరో మూడు. చేతుల నిండా పచ్చబొట్లు. మెలిక తిరిగిన కొడవలి ఒకటి ఎప్పుడూ పక్కనే ఉండేది. చీర అంచు ఎండాకాలంలో కూడా జానెడు మేర తడిసి ఉండేది. పక్కవాళ్లంతా గొంతు చించుకుని అరుస్తుంటే ఆమె మాత్రం నోరు విప్పేది కాదు. వచ్చిన వాళ్లను మాత్రం సతాయించేది.

"వస ఉన్నదా అవ్వా?" అని ఎవరైనా అడిగితే మూడు ముక్కలు తీసి అరచేతిలో పెట్టేది. మూడూ దాదాపు ఒకేలా ఉండేవి.

"ఏది వస? నువ్వే చెప్పు" అనేది.

"నాకేం ఎర్క? అమ్మేటిదానివి నువ్వు."

"ఇంటికి పోయినంక అరగదీసేది నువ్వే గద. నేనొస్తనా నీ ఎంట? కండ్లు మూస్కో. ముక్కుతోని సూడు."

కొందరు కోపంతో వెళ్లిపోయేవారు. "అమ్ముతున్నవా, పరీక్ష పెడుతున్నవా?" అని తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆమె ఏమీ అనుకునేది కాదు. నిలబడి వాసన చూసి సరిగ్గా చెప్పినవాళ్లకు ఒక ముక్క ఎక్కువే వేసేది. వస్తువు పేరు మాత్రం అందరికంటే ఆఖరున, ఇక వాళ్లు వెళ్లిపోతున్నప్పుడు, తన నోటితో ఒకసారి పలికేది. మొదలే పేరు చెబితే మనిషి ఇక చూడడం మానేస్తాడని ఆమె నమ్మకం.

నేనూ ఆ పరీక్షకు నిలబడ్డాను. అప్పుడు నేను నర్మెట్ట బడిలో పనిచేస్తున్నాను. జనగామ నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. మా ఆయన ఉద్యోగం మానుకోటలో. వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, మా చిన్ని. చిన్నికి మూడేళ్లు నిండబోతున్నాయి. ఒక్క మాట రాలేదు. 'అమ్మా' అని కూడా అనలేదు.

చిన్నప్పుడు నన్ను మా ఊళ్లో వసపిట్ట అనేవాళ్లు. ఇప్పటికీ నా నోరు ఊరుకోదని మా ఆయన ఫిర్యాదు. అలాంటిదానికి మాటలు రాని బిడ్డ పుట్టడం చుట్టుపక్కల ఆడవాళ్లకు మంచి ముచ్చట అయింది. "తల్లి పొద్దుగాల పోయి మాపటికి వస్తది, పిల్లతోని మాట్లాడేటోళ్లెవరు?" అని ఒకరు. "అందరి మాటలు తల్లే మాట్లాడుతది, ఇగ పిల్లకేం మిగుల్తయ్?" అని ఇంకొకరు. మా అత్తమ్మది మాత్రం ఒకటే మాట. "నేను పురిట్లనే చెప్పిన, వస పొయ్యున్రి అని. సైన్సు సైన్సు అని ఇనకపోతివి. ఇప్పుడేమాయె?"

మేం ఏమీ చూడలేదని కాదు. పిల్లల డాక్టరుకు చూపించాం. కొందరికి ఆలస్యంగా వస్తాయి, కంగారు పడొద్దన్నాడు. మా ఆయన ఒకరోజు పాప వెనక తలుపు ధడేలున వేశాడు. చిన్ని తిరిగి చూసింది. నేను ముందు కూర్చుని చప్పట్లు కొట్టాను. తనూ కొట్టింది. హమ్మయ్య, చెవులు బాగానే ఉన్నాయి అనుకున్నాం. ఆ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. 'మాటలు లేటు' అని పేరు పెట్టుకుని, ఆ పేరుతో ఏడాది గడిపాం.

వస మీద నాకు నమ్మకం లేదు. అయినా రోజూ ఆ మాట పడలేక, ఒక అంగడి రోజు బడి వదిలాక ఆ అవ్వ ముందు కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"సుద్ద. పంతులమ్మవా?"

అవునన్నాను. వస కావాలన్నాను. మూడు ముక్కలు చేతిలో పెట్టింది. నాకు ఒళ్లు మండింది. బయాలజీ చెప్పేదాన్ని నాకేనా పరీక్ష అనుకుని, "అవ్వా, నాకు వస తెల్వకనా? మా బడిల ల్యాబుల కుండీల పెట్టిన, రెండేండ్ల సంది ఉన్నది" అన్నాను.

"అట్లనా? పెద్దదైందా?"

"మనిషి ఎత్తు పెరిగింది."

"పువ్వు పూసిందా?"

"పూసింది. కొసకు గోధుమరంగు కంకి, వేలంత లావు" అన్నాను గొప్పగా.

ఆమె కిసుక్కున నవ్వింది. పక్కన ఎల్లిగడ్డలాయన వైపు తిరిగి, "ఇగో, పంతులమ్మ జమ్మును సాదుతున్నదట" అంది. అతనూ నవ్వాడు. గాజులామె కూడా నవ్వింది. కుంటల్లో ఎక్కడ చూసినా పెరిగే జమ్ముగడ్డిని పీక్కొచ్చి, కుండీలో పెట్టి, 'వస' అని చీటీ అంటించి, శాస్త్రీయ నామం కూడా రాసి, రెండేళ్లపాటు పదో తరగతి వాళ్లందరికీ చూపించాను. ఎవరూ అడగలేదు. నేనూ ఒక్కసారి ఆకు నలిపి చూడలేదు. చీటీ ఉంది కదా.

"సరే, ఎవరికి వస?" అని అడిగింది నవ్వు ఆగాక.

"మా పాపకు. మా అత్తమ్మ పొయ్యమంటున్నది."

"ఎన్ని నెలలు?"

"నెలలు కాదు, మూడేండ్లు నిండుతయ్. ఇంకా మాటలు రాలే."

కాగితంలో చుట్టబోతున్న కొమ్ము ఆమె చేతిలోనే ఆగిపోయింది. దాన్ని తీసి మళ్లీ కుప్పలో పెట్టేసింది.

"పిల్లను తీస్కరా. సూడకుంట ఇయ్య" అంది.

ఆదివారం చిన్నిని తీసుకుని వెళ్లాను. ఆమె తండా నర్మెట్ట దాటి మూడు కిలోమీటర్లు. తండాకు ఇవతలే ఒక కుంట, కట్ట కింద ఊట. ఆ ఊటలో నీళ్లు ఎండాకాలంలోనూ ఇంకవట. మోకాళ్ల వరకు చీర ఎగదోపుకుని ఆమె బురదలో నిలబడి ఉంది. మా చిన్నిని గట్టు మీద వరిగడ్డి కుప్ప దగ్గర కూర్చోబెట్టాను.

"చెప్పులు ఇడిసి దిగు" అంది నాతో. ఆదివారం పూట కట్టుకున్న మంచి చీర నాది. అయినా దిగాను.

ఊట నిండా కత్తుల్లాంటి ఆకులే. నా కంటికి అన్నీ ఒకటే మొక్క.

"ఈడ రెండున్నయ్. ఒకటి నీ కుండీలది. ఒకటి నీకు గావాల్సింది. పేర్లు నేను చెప్ప. ఏర్పాటు చెయ్యి" అంది. వేరు చెయ్యమని.

ముందు నలిపి వాసన చూడాలి. ఒక ఆకు నలిపితే ఏమీ లేదు. దాని పక్కది నలిపితే కమలాపండు తొక్క గిల్లినట్టు, వెంట కాస్త ఘాటు. నేను ఉలిక్కిపడ్డాను. ఇంత దగ్గరదగ్గరగా ఇంత వేరే వాసనా అని.

"ఇప్పుడు కండ్లు తెరువు. ఆకు నడుమ సూడు."

వాసన లేని ఆకు లావుగా, లోపల బెండులా ఉంది. మధ్యలో ఈనె లేదు. వాసన ఉన్న ఆకుకు పొడుగునా గట్టి ఈనె ఒకటి ఉంది. అది సరిగ్గా నడుమ లేదు, ఒక పక్కకు జరిగి ఉంది.

"పక్క పాపిట తీస్కున్నది సూడు. దీని బుద్ధే అంత. నడుమ పాపిట ఎన్నడు తియ్యది" అంది ఆమె, ఎవరో తెలిసిన పిల్ల గురించి చెబుతున్నట్టు. ఆకు అంచు ఒక వైపు కుచ్చిళ్లు పెట్టినట్టు ముడతలు పడి ఉంది. మొదలు దగ్గర ఆకులు ఒకదాంట్లో ఒకటి దూరి, విసనకర్ర మడతల్లా రెండు వైపులకే పరుచుకున్నాయి. పొర తీస్తే లోపల లేత గులాబి రంగు. నేను పుస్తకంలో ఇవన్నీ చదివాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. వేళ్లతో ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఇగ కాలుతోని సూడు" అంది.

బురదలో కాలు జరిపాను. అరికాలికి వేలు లావు కొమ్ము ఒకటి తగిలింది. కిందికి దిగకుండా నేలకు అడ్డంగా పాకుతోంది. అంగుళానికొక కణుపు. అలా పాకుతూ ఎంత దూరం పోయిందో కాలుతోనే చూసుకుంటూ పది అడుగులు వెళ్లాను. ఎక్కడా తెగలేదు. ఇంత బురదలో మునిగి ఉంటే ఆమె చీర అంచు ఎప్పుడు ఆరుతుంది!

పువ్వు సంగతి అడిగాను. కొసకు రాదట. ఆకులాంటి కాడకు నడుమ, చిటికెన వేలు పక్కకు చాచినట్టు వస్తుందట, పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో. ఆమె జన్మలో నాలుగైదు సార్లు చూసిందట.

"గింజ కడుతదా?"

"కట్టది. ముక్క ఇరిచి పెట్టుడే. గిది ఘనపూర్ దిక్కు మా తల్లిగారి వాగుల ఉన్నదే. గాడ మా యాడి పెట్టింది. దాని ముక్క తెచ్చి ఈడ నేను పెట్టిన. అదీ ఇదీ ఒక్కటే పానం."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. గింజ లేని మొక్క కాబట్టి ఇది దాని బిడ్డ కాదు, అదే ఇది. క్లాసులో శాకీయ వ్యాప్తి అని బోర్డు మీద రాసి అండర్‌లైన్ చేసే సంగతి. నాకు ఒక్కసారిగా పిల్లలా సంబరమైంది. ఇంకా ఏవేవో అడుగుతూనే ఉన్నాను. ఆమె జవాబులు పొడి పొడిగా రావడం మొదలైంది. చూస్తే ఆమె చూపు నావైపు లేదు. గట్టు మీద ఉన్న చిన్నిని చూస్తోంది.

చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది. మెల్లగా గట్టెక్కి చిన్ని ముందు గొంతుకూర్చుని ఏదో అంది. చిన్ని నవ్వింది. మళ్లీ ఏదో అంది. ఈసారి గొంతు రాకుండా పెదవులు మాత్రమే కదిపింది. చిన్ని మళ్లీ అలాగే నవ్వింది.

"పంతులమ్మా, ఈ పిల్ల నా కండ్లు సూస్తలేదు. మూతి సూస్తున్నది" అంది.

తర్వాత ఆమె చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. కాలితో నేలను ధన్‌మని తన్నింది. చిన్ని తిరిగింది. "గిట్ల మస్తు తిరుగుతది. మీ ఇంట్ల గూడ తిరిగి ఉంటది" అని గొణిగింది. చిన్నిని ఎత్తి వరిగడ్డి కుప్ప మీద పైకి కూర్చోబెట్టింది. నేల అదురు అందదు కదా. తర్వాత తలెత్తి ఎండ చూసుకుంది. తన నీడ పిల్ల మీద పడని పక్కకు నడిచింది. గాలికి ఎదురుగా నిలబడింది, తన వాసన కూడా తగలకుండా. నాకు వేలితో సైగ చేసింది, నువ్వు పిల్ల మొఖం చూడు, నావైపు చూడకు అని. నేను ఆమె వైపు చూస్తే పిల్ల నా చూపు వెంట తిరుగుతుంది.

సద్ది తెచ్చుకున్న ఇత్తడి పళ్లెం ఉంది ఆమె దగ్గర. చిన్ని వెనక రెండు జానల దూరంలో దాన్ని కొడవలి పిడితో కొట్టింది.

కుంట మీద కొంగలు లేచిపోయాయి. చిన్ని గడ్డిపరక ఒకటి తీసి రెండుగా చీలుస్తోంది. మళ్లీ కొట్టింది. మూడోసారి ఇంకా గట్టిగా కొట్టింది. చిన్ని గడ్డిపరకను నాకు చూపించి నవ్వింది.

పదిహేనేళ్లుగా పిల్లలకు ప్రయోగం ఎలా చేయాలో చెబుతున్నాను. ఫలితాన్ని చెడగొట్టే అంశాలను ఒక్కొక్కటిగా తొలగించాలని నల్లబల్ల మీద రాయిస్తున్నాను. నా సొంత బిడ్డ విషయంలో నేను చేసింది తలుపు ధడేలుమనిపించడం. అది కూడా మా ఆయన చేశాడు.

ఆ నిమిషంలో నాకు ఇంత బుద్ధి రాలేదు. కోపం వచ్చింది. గట్టు మీద బురద కాళ్లతో నిలబడి అరిచాను. "వస ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు. నా బిడ్డకు చెవుడు అంటవా?"

ఆమె పళ్లెం పక్కన పెట్టింది.

"నేను అనలే బిడ్డా. నువ్వే అన్నవ్."

నేను గట్టు మీద కూలబడ్డాను. ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. వీపు మీద చెయ్యి కూడా వేయలేదు. పళ్లెం కడిగి మూటలో పెట్టుకుని, నా ఏడుపు అయిపోయేదాకా పక్కన నిలబడి, "వస దీనికి ఇయ్య. పోస్తే కక్కుకుంటది, గంతే. మీ అత్తకు నా మాటగ చెప్పు, ఆ ముసల్ది ఇయ్యనన్నది అని చెప్పు. పెద్ద దవాఖానకు పో. గాడ వాళ్లు దానికి పేరు పెడ్తరు. రేపే పో, ఎల్లుండి గాదు" అంది.

మర్నాడే సెలవు పెట్టి వెళ్లాను. వాళ్లు పేరు పెట్టారు. రెండు చెవులూ పుట్టుకతోనే వినపడవు. ఇంకో ఏడాది ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా మాటలు పట్టుకోవడం చాలా కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. చేశారు. చెవి లోపల ఒకటి అమర్చి, చెవి వెనక మిషన్, తల మీద అయస్కాంతంతో అతుక్కునే చిన్న బిళ్ల పెట్టారు. మొదటిసారి దాన్ని పెట్టి ఆన్ చేసినప్పుడు చిన్ని భయపడి ఏడ్చింది, తన ఏడుపు తనకే వినిపించి ఇంకా ఏడ్చింది. ఇంటికి వచ్చాక మా అత్తమ్మ ఆ బిళ్లను ముట్టుకుని చూసి, ఇక ఆ రోజు నుంచి వస మాట ఎత్తలేదు. చిన్ని పక్కన కూర్చుని 'అ'కారం పలికించింది కూడా ఆమే.

తర్వాత రెండేళ్లూ హైదరాబాదుకూ జనగామకూ తిరుగుడే. మాట నేర్పే తరగతులు, ఇంట్లో పాఠాలు. ఆ మధ్యలో నాకు రఘునాథపల్లికి బదిలీ అయింది. నర్మెట్ట వైపు వెళ్లే పని తప్పింది.

ఆ అవ్వ దగ్గరికి చిన్నిని తీసుకుపోవాలని ప్రతి నెలా అనుకున్నాను. రెండు మాటలు రానీ, తీసుకుపోదాం అనుకున్నాను. రెండు మాటలు వచ్చాయి. వాక్యం రానీ అనుకున్నాను. వాక్యం కూడా వచ్చింది. 'ర' పలకడం లేదు, అది సరిగ్గా పలికాక తీసుకుపోదాం అనుకున్నాను. ఆమె ముందు నా బిడ్డ తడబడకుండా మాట్లాడాలని నాకు ఆశ. పరీక్ష పాసైన పిల్లను చూపించాలని. అలా అనుకుంటూనే ఐదేళ్లు పోగొట్టాను. ఇది రాస్తుంటే ఇప్పుడూ సిగ్గుగా ఉంది.

తెలుగు టీచరమ్మ కుండీలో ఉన్నది వస కాదని చెప్పాను. ఆకులన్నిటా సన్నటి గీతలు సమానంగా ఉన్నాయి తప్ప ఈనె లేదు, వాసన లేదు. తోటల్లో అందానికి పెంచే ఏదో పూలమొక్క. అలాంటి వాటి గడ్డ తింటే పెద్దవాళ్లకే వాంతులు. ఆమె మొఖం పాలిపోయింది. కుండీని బల్ల మీద నుంచి దింపి, కాళ్లకు దూరంగా జరిపింది. అసలు వస ఎలా ఉంటుందో చూపిస్తాను, పసిపిల్లకు పెట్టనని ఒట్టు వేస్తేనే అన్నాను. ఒట్టు వేసింది.

అంగడి రోజు చిన్నిని వెంటపెట్టుకుని నర్మెట్ట వెళ్లాను. ఎల్లిగడ్డలాయన ఉన్నాడు. గాజులామె ఉంది. ఇద్దరి మధ్యా ఎవరో ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముతున్నారు.

"ఆమె పాయె గద మేడం. ఆర్నెల్లయితుంది" అన్నాడతను. నన్ను గుర్తుపట్టాడు. "నీ గురించి శానసార్లు అడిగింది. పంతులమ్మ వచ్చిందా, పిల్ల సంగతేమైందో తెల్సిందా అని. నర్మెట్ట బడి పిల్లలు కనవడితే పిలిచి అడుగుతుండె. బదిలై పోయిందని ఒక్కడు చెప్పిండు. ఇగ గప్పటి సంది అడగలే."

చిన్ని నా కొంగు లాగుతూ, "అమ్మా, ఎవరు పోయిన్రు?" అని అడుగుతోంది. 'ర' స్పష్టంగానే పలికింది.

తండాకు వెళ్లాం. ఆమె కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. నలభై దాటిన మనిషి, భూపాలపల్లి వైపు కూలికి పోయి అప్పుడే వచ్చాడట. నేనెవరో చెప్పాను. నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. అతను చిన్ని చెవి వెనక మిషన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. అంతలో లోపలి నుంచి ఒకామె వచ్చింది. అతనికంటే పెద్దది, తలలో వెంట్రుకలు నెరిశాయి. వాకిట్లో నిలబడి నన్ను చూసింది. నా కళ్ల వైపు కాదు. నా నోటి వైపు.

"మా అక్క. పుట్టినప్పటి సంది ఇనవడది, మాట్లాడది" అన్నాడు కొడుకు. "చిన్నప్పుడు మా యాడికి అది తెల్వలే. మాటలు వస్తయని రోజు పొద్దుగాల వస అరగదీసి పోసేదట. గిట్ల ఐదేండ్లు. నోరంత పుండ్లయినా ఇడిసిపెట్టలేదట. దీనికోసమే ఘనపూర్ నుంచి కొమ్ము తెచ్చి ఊటల పెట్టింది. ఒకపాలి మా బాపు బండి దీని ఎన్కనుంచి వస్తుంటే జరుగలేదట, ఎడ్ల గజ్జెలు ఇనవడక. గప్పుడు తెల్సింది. అప్పటికి దీనికి ఎనిమిదేండ్లు."

చిన్ని అప్పటికే వాకిట్లో కోడిపిల్లల వెనక పడింది, ఈ మాటలేవీ వినలేదు. చిన్నికి ఇప్పుడు ఎనిమిదేళ్లు.

ఆ అక్క నా చేతిలోని ఖాళీ సంచి చూసి, నేను ఎందుకు వచ్చానో తెలుసుకున్నట్టు కొడవలి తీసుకుని ముందు నడిచింది. చిన్ని ఆమె వెంట పరుగెత్తింది. ఊట అలాగే ఉంది, నిండా నీళ్లు. ఇద్దరూ దిగారు. నేను గట్టు మీదే నిలబడ్డాను. చిన్ని ఆమె వెనక నడుస్తూ ఏకధాటిగా మాట్లాడుతోంది. ఈ నీళ్లల్ల పాములుంటయా, నీకు భయం కాదా, మీ అమ్మ నాకు ఎర్క తెల్సా, నేను చిన్నగున్నప్పుడు ఈడికొచ్చిన. ఒక్కదానికీ జవాబు రాలేదు. చిన్ని ఆగింది. కాసేపు ఆమె వీపు వైపు చూసింది. తర్వాత చుట్టూ తిరిగి ఆమెకు ఎదురుగా వెళ్లి నిలబడి, తన చెవి చూపించి, ఆమె చెవి చూపించి, చేత్తో 'లేదా?' అని అడిగింది.

ఆమె లేదన్నట్టు తల ఊపింది.

చిన్ని తన తల మీది బిళ్లను లాగింది. చెవి వెనక మిషన్ తీసింది. నేను వద్దని అనబోయాను. ఆ బురదలో పడితే అంతే సంగతులు. ఆమె కొడవలి పక్కన పెట్టి వంగింది. చిన్ని మునివేళ్ల మీద లేచి, ఆ మిషన్‌ను ఆమె నెరిసిన జుట్టు పక్కన చెవికి తగిలించి, బిళ్లను తల మీద అదిమి పట్టుకుంది. అది ఆమెకు పనిచేయదు. లోపల అమర్చింది ఉంటేనే పనిచేస్తుంది. చిన్నికి ఆ సంగతి తెలియదు.

"ఇనవడుతున్నదా?" అంది చిన్ని. మిషన్ లేదు కదా, గొంతు హెచ్చు తగ్గులై వంకరగా వచ్చింది.

ఆ అక్క చిన్ని పెదవులనే చూసింది. చాలాసేపు చూసింది. అవునన్నట్టు నవ్వింది.

"చిన్నీ" అని పిలిచాను నేను. గట్టిగానే పిలిచాను. ఇద్దరిలో ఒక్కరూ తిరగలేదు. మళ్లీ పిలిచాను. ఒకరి మొఖం ఒకరు చూసుకుంటూ అలాగే నిలబడి ఉన్నారు.

చెప్పులు విడిచి, నీళ్లలోకి దిగి, నేనే చుట్టూ తిరిగి వాళ్లకు ఎదురుగా వెళ్లాను.